రెండో బోటు చప్పుడు

సూరన్నకి చెవుడు వచ్చిన సంగతి తనకి తప్ప ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదని సూరన్న గట్టి నమ్మకం. పిచ్చి నమ్మకం అనండి, మొండితనం అనండి, దాంతోనే నాలుగైదేళ్ళుగా నెట్టుకొస్తున్నాడు. పొద్దున్నే మెటియాబ్రుజ్‌లో ఆటో ఎక్కి గంగ ఒడ్డున ఘాట్‌కి వస్తాడు. లాంచీ అడుగున ఇంజను గదిలోకి దిగుతాడు. షికారుకి వచ్చిన జనాన్ని గంగ మీద తిప్పి దించాక ఇంటికి పోతాడు. ఈ మధ్యలో ఎవరేమన్నా తలూపుతాడు. జోకు వేశారనిపిస్తే నవ్వుతాడు, తిట్టారనిపిస్తే తల దించుకుంటాడు. ముఖాలు చూసి బతికెయ్యడం అలవాటైపోయింది.

మనిషి ఎలాంటివాడంటారా? తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఈ బెంగాలీ ఊరికి ఓడరేవు పని కోసం వచ్చి ఇక్కడి మట్టిలోనే కలిసిపోయాడు. సూరన్న ఇక్కడే పుట్టాడు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, పనిలో హిందీ. లాంచీల మీద తాళ్ళు విసిరే ఖలాసీగా మొదలుపెట్టి, గ్రీజు పూసి, మసి తుడిచి, పెద్దవాళ్ళ చేత నానా తిట్లూ తిని ఇంజను డ్రైవరయ్యాడు. లాంచీలో చుక్కాని పట్టేవాడు సరంగు. అతను పైన నిలబడతాడు, నది మొత్తం అతనికి కనిపిస్తుంది. డ్రైవరు కింద, ఇంజను పక్కన కూర్చుంటాడు. వాడికి కనిపించేది నూనె మరకలే. అయినా మెటియాబ్రుజ్ తెలుగు బస్తీలో ఎవర్నడిగినా ‘డ్రైవరు సూరన్న ఇల్లు’ అనే చూపిస్తారు. ఆ ఒక్క మాట కోసం అతను వేసవిలో కూడా ఆ పొగలో ఉడుకుతూ కూర్చున్నాడు. పొగరే అనుకోండి, ఆ మాట తీసేస్తే సూరన్న లేడు.

ఆ ఇంజనే అతని చెవులు తినేసింది. ముప్పై ఏళ్ళు డీజిలు మోత పక్కన కూర్చుంటే ఏమవుతుంది మరి? చెవుల్లో పెట్టుకోవడానికి ఇంత దూది ఇచ్చిన నాథుడు లేడు. ముందు సన్నటి చప్పుళ్ళు పోయాయి. కుక్కరు కూత పోయింది, ఫోను మోగడం పోయింది, పిచ్చుకలు పోయాయి. ఊళ్ళో పిచ్చుకలే లేకుండా పోయాయేమో అనుకున్నాడు కొన్నాళ్ళు. ఆ తర్వాత ఇంట్లో తవిటమ్మ గొంతు పోయింది. ఆవిడది పల్చటి గొంతు. పెళ్ళయిన కొత్తలో ఆ గొంతుతో ‘మావా’ అని పిలిస్తే పనిలోంచి లేచి వచ్చేసేవాడు. ఇప్పుడు ఘాట్‌లో నిమాయ్ సరంగు బొంగురు గొంతు కాస్తో కూస్తో వినపడుతుంది గానీ ఇంట్లో పెళ్ళాం మాట వినపడదు. ఇంతకంటే దరిద్రం ఉంటుందా చెప్పండి! తవిటమ్మ ఈ మధ్య ఏం చెప్పాలన్నా చేతిలో పని వదిలేసి వచ్చి ఎదురుగా నిలబడి మరీ చెబుతోంది. వయసు మీద పడి చాదస్తం ఎక్కువైందిలే అనుకున్నాడు సూరన్న.

మరి చెవిటివాడు లాంచీ ఇంజను ఎలా నడిపాడంటారు కదూ? అక్కడే ఉంది అతని తెలివి. సరంగు పైనుంచి తీగ లాగితే ఇంజను గదిలో గంట మోగుతుంది. ఒకటి కొడితే ముందుకి, మళ్ళీ ఒకటి కొడితే ఆపడం, రెండు కొడితే వెనక్కి. సూరన్న గంట వినడం మానేసి, ఎడమ చెయ్యి ఎప్పుడూ ఆ తీగ మీదే వేసి ఉంచేవాడు. తీగ కదిలితే వేళ్ళకి తెలుస్తుంది. ఇంజను సంగతి అరికాళ్ళకి తెలుస్తుంది. ఒక్కసారి మాత్రం చెమటకి చెయ్యి జారి, లాంచీ వెళ్ళి ఘాట్ మెట్లని గుద్దింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు. గేరు ఇరుక్కుందని చెప్పాడు. నిమాయ్ అతని ముఖంలోకి చాలాసేపు చూసి పైకి వెళ్ళిపోయాడు. చెవుడని బయటపడితే డ్రైవరు పని ఆ క్షణమే ఊడుతుంది. కంపెనీ నిర్దయ అనడానికీ లేదు, లాంచీ నిండా పిల్లాపాపలు ఉంటారు మరి. ఈ సంగతి సూరన్నకీ తెలుసు. తెలిసీ దిగేవాడు. అది తప్పు కాదని నేననను.

ఇలా ఉండగా కంపెనీ వాళ్ళకి చిన్న మోటారు బోట్లు కొనాలని బుద్ధి పుట్టింది. పెద్ద లాంచీ నిండేదాకా ఆగక్కర్లేకుండా, ఒక కుటుంబమో ఒక జంటో ఎక్కి తిరిగి రావడానికి. ఆ పని మేనేజరు పట్టాభి గారి నెత్తిన పడింది. ఆయన రాజమండ్రి మనిషి. సాల్ట్ లేక్ ఆఫీసుకి వచ్చి రెండేళ్ళయింది. ఈ ఊళ్ళో తెలుగు మాట వినపడితే చాలు, ప్రాణం లేచొచ్చేది ఆయనకి. అందుకే సూరన్నంటే అభిమానం. ఎవరైనా పల్లెత్తు మాటన్నా ఊరుకునేవారు కాదు.

“మోత ఎక్కువైతే జనం రెండోసారి రారు సూరన్నా. తాగుడు ఎక్కువైతే మనం మునిగిపోతాం. ఏ బోటు ఎంత తాగుతుందో, ఎంత అరుస్తుందో తేల్చి చెప్పాలి. నువ్వు దగ్గరుండాలి” అన్నారు ఆయన. సూరన్న ఆ పెదవులు చూసి సగం, ఊహించి సగం తెలుసుకుని, “అలాగే బాబూ” అన్నాడు.

మూడు బోట్లు వచ్చాయి. ఒకటి కడుపులో డీజిలు ఇంజను ఉన్నది. రెండోది వెనక పెట్రోలు ఇంజను తగిలించింది. పాత రకం, పెట్రోల్లోనే నూనె కలిపి పొయ్యాలి. మూడోది అలాంటిదే గానీ నూనె కలపక్కర్లేని కొత్త రకం. మూడింటినీ ఒకే దూరం, ఒకే బరువుతో తిప్పాలని మనుషులకి బదులు ఇసక మూటలు వేశారు. ఆటూ పోటూ కాకుండా నీళ్ళు నిలిచే వేళ చూసుకున్నారు. ట్యాంకు మెడ దాకా నింపి తిప్పుకొచ్చి, గీతలున్న క్యానుతో మళ్ళీ మెడ దాకా పోస్తే ఎంత తాగిందో తేలిపోతుంది. ఆ పని సూరన్న చేతుల మీదే జరిగింది. ఒక్క చుక్క అటూ ఇటూ పోనివ్వలేదు. రెండో బోటు అందరికంటే ఎక్కువ తాగిందని అతనే చెప్పాడు.

వచ్చిన చిక్కల్లా మోత దగ్గరే. పట్టాభి గారు ఫోన్లో చప్పుడు కొలిచేది ఏదో పెట్టుకొచ్చారు. అటు పెద్ద ఓడ కూత వేస్తుంది, ఇటు గాలి కొడుతుంది, అంకెలు కోతిలా గెంతుతున్నాయి. ఆయన విసుక్కుని ఫోను జేబులో పడేసి, మనుషుల చెవులే నయం అన్నారు. అందర్లోకీ ఎవరి చెవులు? ముప్పై ఏళ్ళు ఇంజన్లతో కాపురం చేసిన సూరన్న చెవులు. అయ్యో రాత, అడిగి అడిగి అతన్నే అడగాలా!

ఆ పొద్దున ఇంకొకటి జరిగింది. రెండో బోటు అమ్మడానికి వచ్చిన ఆశిష్ అనే కుర్రాడు టీ కొట్టు దగ్గర సూరన్నకి టీ ఇప్పించాడు. చేతిలో సందేశ్ మిఠాయి డబ్బా పెట్టి, పక్కకి తిరిగి టీ ఊదుకుంటూ ఏదో గొణిగాడు. సూరన్నకి ఆ ముఖం కనపడలేదు, మాట వినపడలేదు. ఎప్పట్లాగే అవునన్నట్టు తలూపి, “హ్యా, హ్యా” అన్నాడు. డబ్బా తవిటమ్మకి ఇష్టమని సంచిలో పెట్టుకున్నాడు. ఇదీ చేసిన నేరం.

పరీక్షలో సూరన్న ప్రతి బోటుకీ వెనక చివర, ఇంజను మీద అరచెయ్యి వేసి, నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. పట్టాభి గారూ, నిమాయ్, మిగతావాళ్ళూ అతని వీపు వెనక ఉన్నారు. మొదటి బోటు డీజిలు మోత చేతికీ కాలికీ గుండెకీ తగిలింది. మూడోది కొంచెం అదిరింది. రెండోది ఉందే, దాని చప్పుడంతా సన్నటి కూత. చెవుల్లో సూది దింపినట్టు ఉందని పట్టాభి గారు రెండు చెవులూ మూసుకున్నారు. నిమాయ్ తలకి గమ్‌ఛా తువ్వాలు చుట్టుకున్నాడు. సూరన్న అరచేతికి మాత్రం ఆ ఇంజను నిద్రపోతున్న పసిబిడ్డలా తగిలింది. ఎంత హాయిగా ఉందో అనుకుని మురిసిపోయాడు కూడా.

ఒడ్డుకి వచ్చాక, బోట్లు అమ్మేవాళ్ళ ముందే పట్టాభి గారు అడిగారు. “చెప్పు సూరన్నా. దేని మోత తక్కువగా ఉంది?”

“రెండోది బాబూ” అన్నాడు సూరన్న, ఏమాత్రం తడుముకోకుండా. “దానికి నోరే నేదు. ఆ డీజిలుదయితే బాజాలు వోయించినట్టుంది.”

ఒక్కసారిగా అందరూ నోళ్ళు తెరిచారు. ఎవరో ఫక్కున నవ్వారు. ఏదో తేడా జరిగిందని ముఖాలు చూసి గ్రహించాడు సూరన్న. అప్పుడైనా సర్దుకుని ఉంటే పోయేది. మనవాడికి రోషం పొడుచుకొచ్చింది.

“నా మాట మీద నమ్మకం నేకపోతే నన్నడగడమెందుకు బాబూ?” అన్నాడు.

ఆశిష్ ఉన్నాడు చూశారూ, వాడికి నోట్లో నువ్వుగింజ నానదు. సంబరంగా చప్పట్లు కొట్టి, “చూశారా! దాదా పొద్దున్నే నాకు మాటిచ్చారు, మా బోటు గురించి మంచిగా చెబుతానని!” అనేశాడు బెంగాలీలో. పట్టాభి గారి ముఖం నల్లబడింది. టీ కొట్టువాడు మిఠాయి డబ్బా సంగతి పూసగుచ్చినట్టు చెప్పాడు. అంతే, క్షణంలో కథ అల్లుకుపోయింది. క్యాన్లో కనపడే దాన్ని దాచలేడు కాబట్టి తాగుడు నిజం చెప్పాడు, చెవికి సాక్ష్యం ఉండదు కాబట్టి మోత దగ్గర అబద్ధం ఆడాడు. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి.

పట్టాభి గారు అతన్ని జెట్టీ మీది రేకుల గదిలోకి తీసుకెళ్ళి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పెదవులు స్పష్టంగా కనిపిస్తున్నాయి.

“ఆ డబ్బా తీసుకున్నావా?”

“తీసుకున్నాను బాబూ.”

“ఆ బోటు గురించి మంచిగా చెప్పమని అడిగాడా?”

సూరన్నకి అప్పుడు తెలిసింది పొద్దున తను దేనికి తలూపాడో. నాకు వినపడలేదు బాబూ, నాకు చెవుడు అంటే ఈ మచ్చ ఇక్కడితో పోతుంది. కానీ ఆ మాటతోనే ఇంజనూ పోతుంది. లంచం తిన్నవాడిని తిట్టి, ఒక నెల ముఖం చూడకుండా ఉండి, తర్వాత మళ్ళీ పనిలోకి రానిస్తారు. అలాంటివాళ్ళని అతను ఘాట్లలో ఎంతమందినో చూశాడు. చెవిటివాడిని మాత్రం ఇంజను గదిలోకి మళ్ళీ దింపరు.

“అడిగినాడు బాబూ. తప్పయిపోనాది” అన్నాడు తల వంచుకుని.

పట్టాభి గారు తిట్టి ఉంటే బాగుండేది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. “నీ మీద ఈగ వాలనిచ్చానా సూరన్నా ఎప్పుడైనా? మిఠాయికా?” అన్నారు చివరికి. “పైవాళ్ళు తీసెయ్యమంటారు. నేను ఏదో చెప్పి ఆపుతాను. పో, పోయి లాంచీ చూసుకో. ఇంకెప్పుడూ నిన్నొక మాట అడగను.”

లాంచీ చూసుకో అన్న మాట పెదవుల మీద చూడగానే సూరన్నకి ప్రాణం లేచొచ్చింది. సిగ్గు లేదా అంటే ఉంది, చచ్చేంత ఉంది. ఇంజను గదిలోకి దిగి, తీగ మీద చెయ్యి వేసి, మసిగుడ్డతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. ఏడుపు తనకి వినపడలేదు గానీ పైన నిమాయ్‌కి వినపడింది.

చెడ్డ మాటకి కాళ్ళెక్కువ. ఖలాసీల నోట్లోంచి బస్తీకి చేరడానికి ఎంతసేపు? సరిగ్గా అది అమ్మవారి పండగ రోజులు. మెటియాబ్రుజ్‌లో మనవాళ్ళు ఊరు మరిచిపోయినా ఘటాలు మాత్రం మరిచిపోలేదు. పసుపు రాసి, వేపమండలు కట్టిన తొలి ఘటం సూరన్న తండ్రి కాలం నుంచీ ఆ ఇంట్లోంచే లేస్తుంది. మాట మీద నిలబడిన ఇల్లని పెద్దవాళ్ళు పెట్టిన ఆనవాయితీ. తవిటమ్మ కొత్తకోడలిగా వచ్చిన ఏడాది మొదలు, తలమీద ఆ ఘటం పెట్టుకుని ఆవిడే ముందు నడుస్తోంది. పొట్ట కూటికి నాలుగిళ్ళలో అంట్లు తోమే మనిషి, ఏడాదిలో ఆ ఒక్క రోజు అందరి చేతా కాళ్ళు కడిగించుకునేది.

బస్తీ పెద్ద ఉమామహేశ్, కార్పొరేషన్‌లో పనిచేసేవాడు, గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

“ఏటనుకోకప్పా. ఈ ఏడు తొలి గటం మీ ఇంటికాడ ఎత్తొద్దని అందరూ అంతన్నారు. నాను సెప్పి సూసినాను, ఎవుడూ ఇననేదు” అని, ఇంకేమీ వినకుండా వెళ్ళిపోయాడు.

తవిటమ్మ వచ్చి మొగుడి ఎదురుగా కూర్చుంది. అతని గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది.

“నువ్వు లంచం తిన్నావా మావా?”

“తిన్నాను.”

“మిఠాయి డబ్బాకి మాట అమ్ముకునీవోడివా నువ్వు? నాతో కూడా అబద్దమేనేటి?”

“తిన్నానని సెప్తన్నాను కదేటి! ఊరుకో” అని కసిరాడు సూరన్న. తవిటమ్మ కడిగి బోర్లించిన ఘటం మీద గుడ్డ కప్పి, గోడవైపు తిరిగి కూర్చుంది. ఆవిడ వీపు ఎగిరెగిరి పడటం చూశాడు. ఏడుస్తోందో, తిడుతోందో అతనికి తెలియలేదు. దగ్గరికి వెళ్ళి అడగడానికి ముఖం చెల్లలేదు.

మర్నాడు పొద్దున ఇంజను వేడెక్కించి, పైకి చూసేసరికి జెట్టీ చెక్కల మీద తవిటమ్మ చీర కుచ్చెళ్ళు కనపడ్డాయి. అంట్లు తోమే ఇంటికి పోవలసిన మనిషి ఇక్కడికెందుకొచ్చింది? గబగబా నిచ్చెనెక్కి తల బయటికి పెట్టాడు. ఆవిడ రేకుల గది ముందు పట్టాభి గారికి ఎదురుగా నిలబడి ఉంది. వీపు ఇటు ఉంది. చెయ్యి ఆడిస్తోంది. గుండెల మీద కొట్టుకుంటోంది. ఒక్క ముక్క వినపడలేదు. ఆ గొంతు వినపడి ఎన్నేళ్ళయిందని!

కాళ్ళావేళ్ళా పడుతోందేమో, క్షమించమని అడుగుతోందేమో అనుకున్నాడు ముందు. పరవాలేదులే, మొగుడి కోసం బతిమాలితే ఏం పోయిందిలే అని తనకి తాను సర్ది చెప్పుకున్నాడు. కానీ పట్టాభి గారి ముఖం మారుతోంది. నిన్నటి కోపం కరిగిపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఆయన చెయ్యి దానంతటదే లేచి తన చెవి దగ్గర ఆగి, ప్రశ్నలా నిలబడింది. తవిటమ్మ తలూపింది, ఒకటికి నాలుగుసార్లు. నిమాయ్ గమ్‌ఛాతో ముఖం తుడుచుకుంటూ నదివైపు తిరిగాడు. పట్టాభి గారు నిమాయ్‌ని ఏదో అడిగారు, నిమాయ్ కూడా తలూపాడు. అందరికీ తెలుసు. తను ఒక్కడే ఎవరికీ తెలియదనుకున్నాడు.

పట్టాభి గారు లాంచీ దగ్గరికి వచ్చి, సూరన్న చెయ్యి పట్టుకుని పైకి లాగారు. రెండు చేతులూ భుజాల మీద వేసి, నోరు ఇంతేసి తెరిచి, పసిపిల్లాడికి చెప్పినట్టు ఒక్కొక్క మాటా విడగొట్టి చెప్పారు.

“సూ...రన్నా! నీ...కు విన...పడదని ఎందుకు చెప్ప...లేదు?”

ఎంత మంచి మనిషో ఆయన! కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. కోపానికి ఎప్పుడో ఒకప్పుడు గడువు తీరుతుంది. జాలిపడ్డవాళ్ళు మాత్రం ఇంజను తాళాలు ఇవ్వరు. ఆయన నిమాయ్‌కి సైగ చేశారు. నిమాయ్ తలెత్తకుండా సూరన్న పక్కనుంచి కిందికి దిగి ఇంజను ఆపేశాడు.

తవిటమ్మ చీర చెంగుతో ముఖం తుడుచుకుని, వచ్చి ఎదురుగా నిలబడింది. ఎన్నాళ్ళ తర్వాతో ఆ ముఖం వెలిగిపోతోంది. పెదవులు బాగా కదిపి, మొగుడికి అర్థమయ్యేలా చెప్పింది.

“సెప్పీసినాను మావా. నా మొగుడు దొంగ కాడు, ఆడికి సెవులు నేవు, ఆడు ఎవుడేటన్నా తలూపుతాడని సెప్పీసినాను. నానెప్పుడో ఎరుగుదును. నీకు సిన్నతనమని ఊరుకున్నాను. ఇంక నిన్నెవుడూ దొంగ అనడు. గటం మన ఇంటి నుంచే ఎత్తుతాను, ఎవుడడ్డమొస్తాడో సూస్తాను.”

సూరన్న ఆవిడ ముఖంలోకి చూశాడు. తిట్టాలని నోటిదాకా వచ్చింది. అంత సంతోషంగా నిలబడ్డదాన్ని ఏమని తిడతాడు?

“ఇంక నన్నెవుడూ డ్రైవరు కూడా అనడే తవిటీ” అన్నాడు.

తన గొంతు ఎంత గట్టిగా వచ్చిందో అతనికి తెలియదు. ఆ మాట జెట్టీ చివరిదాకా, టీ కొట్టు దాకా వినపడింది. టికెట్లు కొనుక్కుని వరసలో నిలబడ్డవాళ్ళు ఇటు తిరిగి చూశారు. తవిటమ్మ ముఖంలో వెలుగు కొంచెంకొంచెంగా ఆరిపోయింది. తను ఏం చేసిందో ఆవిడకి అప్పుడు తెలిసింది. నోరు తెరిచి ఏదో అనబోయి, మొగుడికి పెదవులు కనపడకుండా చెంగు అడ్డం పెట్టుకుంది.